రెండు మందులు పనిచేయలేదు, ఇప్పుడు క్లోజపిన్ అంటున్నారు: మొదలుపెట్టవచ్చా?

అమ్మా, మీరు రాసిందంతా చదివాను. మిగతావాళ్లకూ అర్థం కావడానికి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీ తమ్ముడికి 27 ఏళ్లు. బీటెక్ మూడో ఏడాదిలో జబ్బు మొదలైంది. ఎదురింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని, తన ఆలోచనలు ఫోన్‌లోంచి బయటికి పోతున్నాయని అంటాడు. డాక్టర్లు స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు అన్నారు. మొదట రిస్పెరిడోన్ ఇచ్చారు, తర్వాత ఒలాంజపిన్ ఇచ్చారు, అయినా చెవిలో వినిపించే గొంతులు ఆగలేదు. ఇప్పుడు క్లోజపిన్ మొదలుపెడదామంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెడికల్ షాపు నడిపే మీ మేనమామగారేమో "అది రక్తాన్ని తినేసే మందు, ఏ దారీ లేనప్పుడు చూద్దాం" అన్నారు. ఈలోగా పెళ్లి చేస్తే కుదుటపడతాడేమోనని అమ్మగారి ఆశ. ఈ మందు మీద పరిశోధన చేసినవాళ్లు అసలు ఏం తేల్చారు, మేమేం చేయాలి అని మీరు అడిగారు.

నేను హైదరాబాద్‌లోనే సైకియాట్రిస్టుని. చాలా ఏళ్లుగా ఈ జబ్బున్న పిల్లలతో, వాళ్ల ఇళ్లవాళ్లతో పనిచేస్తున్నాను. మీ తమ్ముణ్ని నేను చూడలేదు కాబట్టి చివరి మాట మీ డాక్టరుగారిదే. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. ఇంతకుముందు ఇచ్చిన రెండు మందులనూ అతను సరిగ్గా మింగి ఉంటే, క్లోజపిన్‌కు సమయం ఇదే. ఇది చివరిదాకా దాచిపెట్టుకోవాల్సిన మందు కాదు. ఆలస్యమైన కొద్దీ ఇది పనిచేసే అవకాశం కూడా తగ్గుతుంది.

ముందు ఆ రెండు మందుల సంగతి తేల్చుకోండి. "పనిచేయలేదు" అని నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటిలో మందు కడుపులోకి వెళ్లనే లేదు. నాలుక కింద పెట్టుకుని బాత్రూంలో ఉమ్మేస్తారు. దిండు గలేబు లోపల మాత్రలు దొరికిన ఇళ్లున్నాయి. కొన్నిచోట్ల మాత్ర మింగుతారు కానీ డోసు సరిపోదు. రిస్పెరిడోన్ 2 మిల్లీగ్రాముల దగ్గరే ఆరు నెలలు ఆగిపోయి ఉంటే, ఆ మందు విఫలమైందని చెప్పలేం. ఇంకొన్నిచోట్ల డోసు సరిగ్గానే ఉంటుంది కానీ మూడో వారంలోనే మార్చేస్తారు. 2017లో పలు దేశాల నిపుణులు కలిసి దీనికో కొలమానం పెట్టారు. కనీసం రెండు వేర్వేరు మందులు, ఒక్కొక్కటీ సరైన డోసులో కనీసం ఆరు వారాలు, రాసిన మాత్రల్లో నూటికి 80 అయినా మింగి ఉండాలి. అప్పటికీ లక్షణాలు ఓ మోస్తరుగానో అంతకంటే ఎక్కువగానో మిగిలి ఉంటేనే జబ్బు మందులకు లొంగలేదని అనాలి.

మీ మేనమామగారి షాపులోనే మందులు కొన్నారని రాశారు కదా. ఏ నెలలో ఎన్ని స్ట్రిప్పులు కొన్నారో బిల్లులు తీసి చూడమనండి. ఇంతకంటే తేలికైన ఆధారం లేదు. మింగాడో లేదో అనుమానం మిగిలితే, క్లోజపిన్ కంటే ముందు నెలకోసారి వేసే డిపో ఇంజెక్షన్ గురించి డాక్టరుగారిని అడగండి. ఇంజెక్షన్ వేశారంటే మందు ఒంట్లోకి వెళ్లినట్టే. దానితో తగ్గిపోతే క్లోజపిన్ అవసరమే ఉండదు. తగ్గకపోతే అనుమానం లేకుండా ముందుకు వెళ్లవచ్చు.

ఇక పరిశోధన సంగతి. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆస్పత్రిలో డెలే, డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు క్లోర్‌ప్రోమజిన్‌ను మానసిక రోగులకు వాడి చూశారు. అప్పటిదాకా తీవ్రమైన పిచ్చికి మందంటూ లేదు. అది వచ్చాక అదే దారిలో హాలోపెరిడాల్ లాంటివి ఎన్నో వచ్చాయి. అన్నింటికీ ఒకే ఇబ్బంది: ఒళ్లు బిగుసుకుపోవడం, చేతులు వణకడం, ఏళ్లు గడిచాక నోరు, నాలుక తమంతట తామే కదలడం. ఈ బిగుతు లేకుండా మందు పనిచేయదని కూడా అప్పట్లో చాలామంది నమ్మేవారు. క్లోజపిన్‌ను స్విట్జర్లాండ్‌లో 1958లోనే తయారుచేశారు. దానికి ఈ బిగుతు దాదాపు లేదు. అందుకే మొదట్లో దాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. పనిచేస్తోందని యూరప్‌లో నమ్మకం కుదురుతుండగా 1975లో ఫిన్లాండ్ నుంచి పిడుగులాంటి వార్త వచ్చింది. ఈ మందు వాడిన కొందరికి తెల్ల రక్తకణాలు దారుణంగా పడిపోయి, ఇన్‌ఫెక్షన్‌తో ఎనిమిది మంది చనిపోయారు. చాలా దేశాల్లో మందును వెనక్కి తీసుకున్నారు. మీ మేనమామగారి భయానికి మూలం అక్కడే ఉంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని కొట్టిపారేయకండి.

మరి అలాంటి మందు మళ్లీ ఎలా వచ్చింది? న్యూయార్క్‌లోని హిల్‌సైడ్ హాస్పిటల్‌లో జాన్ కేన్ అనే సైకియాట్రిస్టు పనిచేసేవారు. మందులు వాడేవాళ్లలో ఆ నోరు, నాలుక కదలికలు ఎంతమందికి వస్తాయో ఏళ్ల తరబడి లెక్కగట్టినవారాయన. ఏ మందుకు ఎంత మూల్యం చెల్లిస్తున్నామో తెలిసిన మనిషి. ఇంత ప్రమాదమున్న మందును అనుమతించాలంటే, ఇంకే మందూ పనిచేయని వాళ్లలో అది పనిచేస్తుందని, అదీ ఉన్న మందు కంటే మెరుగ్గా పనిచేస్తుందని రుజువు చేయాలి. కేన్, ఆయన సహచరులు గిల్బర్ట్ హోనిగ్‌ఫెల్డ్, జాక్ సింగర్, హెర్బర్ట్ మెల్ట్‌జర్ ఆ పరీక్షను కావాలనే కఠినంగా పెట్టుకున్నారు.

ఎలాగంటే, అంతకుముందే కనీసం మూడు మందులు విఫలమైనవాళ్లను మాత్రమే తీసుకున్నారు. పాత కేసు షీట్లలో రాసి ఉంది కదా అని నమ్మి ఊరుకోలేదు. వాళ్లందరికీ మళ్లీ ఆరు వారాల పాటు పెద్ద డోసులో హాలోపెరిడాల్ ఇచ్చి చూశారు. దానికి మెరుగైనవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. అంటే మిగిలినవాళ్లు నిజంగా లొంగని జబ్బున్నవాళ్లే. వాళ్లలో 268 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు క్లోజపిన్, ఇంకో గుంపుకు క్లోర్‌ప్రోమజిన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. ఒళ్లు బిగుసుకుంటే గుట్టు బయటపడుతుంది కాబట్టి క్లోర్‌ప్రోమజిన్ గుంపుకు బిగుతు తగ్గించే మందును కూడా కలిపి ఇచ్చారు. ఆరు వారాల తర్వాత చూస్తే క్లోర్‌ప్రోమజిన్‌తో మెరుగైనవాళ్లు 4 శాతం, క్లోజపిన్‌తో 30 శాతం. 1988లో ఈ ఫలితాలు ప్రచురించారు. మరుసటి ఏడాదే ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ, రక్తపరీక్షలు తప్పనిసరి చేస్తూ, మందుకు అనుమతి ఇచ్చింది.

30 శాతమేనా అని మీకు అనిపించవచ్చు. ఎవరిలో 30 శాతమో గుర్తుపెట్టుకోండి. ఏ మందుకూ తగ్గరని ఆశ వదిలేసినవాళ్లలో అది. పైగా ఆరు వారాలకే లెక్క ఆపేశారు. ఇంకొన్ని నెలలు ఓపిక పడితే మరికొంతమంది మెరుగవుతారు. తర్వాత జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సుమారు 40 శాతం మందిలో పనిచేస్తుందని తేలింది. అందరిలో కాదు. ఈ మాట మీకు ఇప్పుడే చెప్పడం మంచిది, రేపు నిరాశపడకుండా.

ఇంకో సంగతి కూడా తేలింది. మెల్ట్‌జర్ 980 మందిని రెండేళ్లు గమనించి, ఒలాంజపిన్ కంటే క్లోజపిన్ వాడేవాళ్లలో ఆత్మహత్యా ప్రయత్నాలు తక్కువని 2003లో చూపించారు. మీ తమ్ముడు ఒకసారి మేడ మీదికి వెళ్లాడని రాశారు. అందుకే ఇది చెప్పాను. ఆ విషయం డాక్టరుగారికి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే తప్పకుండా చెప్పండి. రాత్రివేళ ఏదైనా అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు.

ఇక రక్తం సంగతి. అమెరికాలో మందు మొదలైన కొత్తలో రక్తపరీక్షలు తప్పనిసరిగా చేసిన 11,555 మంది లెక్కలు 1993లో వచ్చాయి. అందులో 73 మందికి తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయాయి. చనిపోయినవాళ్లు ఇద్దరు. ఎక్కువ కేసులు మొదటి మూడు నెలల్లోనే. ఫిన్లాండ్‌లో చూసేవాళ్లు లేక పోయిన ప్రాణాలు ఇక్కడ చూడటం వల్ల నిలిచాయి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఆ చూడటమే.

రక్తపరీక్ష మామూలుగా మొదటి 18 వారాలు వారానికోసారి, ఆ తర్వాత అంతరం పెంచుకుంటూ నెలకోసారికి వస్తారు. కచ్చితమైన పద్ధతి మీ డాక్టరుగారు చెబుతారు. మన దగ్గర ఏ ల్యాబుకు వెళ్లి సీబీపీ (రక్తకణాలను లెక్కపెట్టే పరీక్ష) అన్నా చేస్తారు. అందులో డిఫరెన్షియల్ కౌంట్, అంటే ఏ రకం తెల్లకణాలు ఎంత శాతమో చెప్పే లెక్క, ఉండేలా చూసుకోండి. ఆ రిపోర్టులో మీరు చూడాల్సినవి రెండే అంకెలు: మొత్తం తెల్లకణాలు, వాటిలో ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే రకమైన న్యూట్రోఫిల్స్ శాతం. రెంటినీ గుణించి వందతో భాగించండి. తెల్లకణాలు 6,200, న్యూట్రోఫిల్స్ 58 శాతం అనుకోండి, 3,596 వస్తుంది. నిశ్చింతగా ఉండవచ్చు. అది 1,500 కంటే తగ్గితే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి, తర్వాతి డోసు ఆయన చెప్పాకే. 500 లోపు పడిపోతే ఆస్పత్రిలో చేరాల్సిందే. వారం వారం ల్యాబు ఖర్చు భారమైతే దగ్గర్లోని బస్తీ దవాఖానాలో అడగండి. మందు కంటే పరీక్షల ఖర్చే ఇంటికి బరువవుతుందని నేను గమనించాను. అమెరికాలో ఈ మందు అమ్మకానికి వచ్చిన కొత్తలో కంపెనీ రక్తపరీక్షలను మందుతో ముడిపెట్టి ఏడాదికి 9,000 డాలర్ల దాకా వసూలు చేసింది. చాలా రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. ఆ ధర కట్టలేక మందుకు దూరమైన పేదవాళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. మన దగ్గర జనరిక్ దొరుకుతోంది, అది అదృష్టం.

2025లో అమెరికా ఎఫ్‌డీఏ, రక్తపరీక్ష ఫలితం చూపిస్తేనే షాపులో మందివ్వాలన్న నిబంధనను ఎత్తేసింది. ఈ వార్త చూసి పరీక్షలే అక్కర్లేదని ఎవరైనా చెబితే వినకండి. పరీక్షలు చేయించమని ఎఫ్‌డీఏ ఇప్పటికీ చెబుతోంది. ఎత్తేసింది షాపుల దగ్గర అడ్డంకిని మాత్రమే.

జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే వారం ఆగకుండా అదే రోజు సీబీపీ చేయించండి. వానాకాలంలో మన ఊళ్లో ప్రతి జ్వరాన్నీ వైరల్ అని డోలో వేసి ఊరుకుంటారు. మీ ఇంట్లో అది కుదరదు. డెంగీలో కూడా తెల్లకణాలు తగ్గుతాయి. అందుకని ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి మాటగా "క్లోజపిన్ వాడుతున్నాడు" అని చెప్పాలి. ఇంకొకటి, విరేచనాలకో టైఫాయిడ్‌కో సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తుంటారు. అది క్లోజపిన్‌ను ఒంట్లోంచి పోనివ్వదు, రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. మేనమామగారికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి. చీటీ లేకుండా షాపు నుంచి ఇంటికి వచ్చే మాత్రలు ఇకమీదట ఆపాలి.

అందరూ రక్తం రక్తం అంటారు కానీ, నేను రోగి ఇంటివాళ్లతో ఎక్కువసేపు మాట్లాడేది మలబద్ధకం గురించి. నవ్వకండి. క్లోజపిన్ పేగుల కదలికను బాగా మందగింపజేస్తుంది. పట్టించుకోకపోతే పేగు మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. 2020లో ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరికను మరింత గట్టిగా చెప్పింది. ఇబ్బందేమిటంటే 27 ఏళ్ల కుర్రాడు ఈ విషయం అక్కకు చెప్పుకోడు, అమ్మకు చెప్పుకోడు. జబ్బు వల్ల అసలు గమనించుకోడు కూడా. కాబట్టి మీరే రోజూ అడగాలి. రెండు రోజులు విరేచనం కాకపోతే డాక్టరుకు చెప్పండి. కడుపునొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం ఉంటే నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. ఇంట్లో ఉంది కదా అని ఇసబ్‌గోల్ కలిపి ఇవ్వకండి. కదలని పేగులో అది ఉబ్బి కూర్చుంటుంది. దీనికి వేరే మందులున్నాయి, మొదటి రోజు నుంచే రాయమని అడగవచ్చు. పాత మందుల బిగుతుకని ఇచ్చిన ట్రైహెక్సిఫెనిడిల్ మాత్ర ఇంకా నడుస్తోందేమో చూడండి. అది మలబద్ధకాన్ని ఇంకా పెంచుతుంది, చాలామందికి క్లోజపిన్‌తో దాని అవసరమే ఉండదు. ఆపాలో వద్దో డాక్టరుగారిని అడగండి.

నా దగ్గరికి వచ్చే ఒక తల్లి లాంగ్ నోట్‌బుక్‌లో స్కేలుతో గీతలు కొట్టి పట్టిక తయారుచేసుకున్నారు. తేదీ, పొద్దున మాత్ర, రాత్రి మాత్ర, విరేచనం, నిద్ర, బరువు, చివర్లో రక్తం అంకె. పదో తరగతి దాకా చదివిన ఆవిడ న్యూట్రోఫిల్స్ లెక్క నాకంటే ముందే చేసి ఎర్ర పెన్నుతో రాసి తెస్తారు. ఆ పుస్తకం ముందుంటే నా పని సగం అయిపోయినట్టే. మీరూ అలాంటిదొకటి పెట్టుకోండి. ఫోన్ యాప్‌ల కంటే ఇదే నయం, ఇంట్లో అందరి కంటా పడుతుంది.

మిగతావి త్వరగా చెబుతాను. మొదటి నెల రోజుల్లో ఛాతీ నొప్పి, ఆయాసం, గుండెదడ, జ్వరం వస్తే గుండె కండరం వాచిందేమో చూడాలి, ఆలస్యం చేయకూడదు. డోసు బాగా పెరిగితే ఫిట్స్ రావచ్చు. నిద్ర ఎక్కువగా ఉంటుంది, రాత్రి దిండు తడిసేంత లాలాజలం కారుతుంది. బరువు పెరుగుతుంది, షుగరు రావచ్చు. మొదలుపెట్టే ముందే బరువు, నడుము కొలత, షుగరు, కొలెస్ట్రాల్ చూసి రాసిపెట్టుకుంటే ఎంత పెరిగిందో తర్వాత తెలుస్తుంది. సిగరెట్ గురించి మీరేమీ రాయలేదు. తాగుతుంటే దాచకుండా చెప్పండి. పొగ వల్ల కాలేయం ఈ మందును త్వరగా ఖర్చు చేసేస్తుంది. ఒక్కసారిగా మానేస్తే అదే డోసు ఎక్కువైపోతుంది. మానాలి, కానీ డాక్టరుకు చెప్పి మానాలి.

మందు 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. తొందర చేయకండి. 48 గంటలకు మించి మాత్రలు తప్పితే మళ్లీ పాత డోసు ఒకేసారి వేయకూడదు, బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు. మళ్లీ చిన్న డోసు నుంచే రావాలి. అందుకే ఊరెళ్లేటప్పుడు ముందు సర్దుకోవాల్సింది ఈ డబ్బా.

ఒకటి కఠినంగానే చెబుతాను. ఒలాంజపిన్‌ను కొన్నాళ్లు సాంబారులో కలిపి ఇచ్చామని రాశారు. ఎందుకు కలపాల్సి వచ్చిందో నాకు తెలుసు, మిమ్మల్ని తప్పుపట్టను. క్లోజపిన్‌తో ఆ పని చేయవద్దు. ఆ పూట అన్నం తినకపోతే డోసు తప్పినట్టు, ఎంత తిన్నాడో తెలియకపోతే డోసెంతో తెలియనట్టు. వారం వారం సూది గుచ్చించుకోవాల్సిన మనిషికి ఎందుకో తెలియకుండా ఎలా కుదురుతుంది? పైగా "నా తిండిలో ఏదో కలుపుతున్నారు" అన్న అతని అనుమానం ఒక్కసారి నిజమని తేలితే, ఆ ఇంట్లో మళ్లీ మీ చేతి అన్నం తినడు. అతనితో మాట్లాడి ఒప్పించండి. "నీకు జబ్బు" అని వాదనకు దిగకుండా, అతనికి ఏది బాధగా ఉందో అక్కడ మొదలుపెట్టండి. నిద్ర లేకపోవడం, ఆ గొంతుల తిట్లు, చదువు ఆగిపోవడం. ఆ బాధ తగ్గడానికి ఈ మందు అని చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

ఎంత చెప్పినా ఒప్పుకోక, తనకో మీకో ప్రమాదమయ్యే పరిస్థితి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆస్పత్రిలో చేర్చడానికి దారి ఉంది. అతను ఎంచుకున్న నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (అతని తరఫున నిర్ణయాల్లో తోడుండే మనిషి) దరఖాస్తు చేయాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. మొదట 30 రోజుల వరకు. ఎర్రగడ్డ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అన్నా, గాంధీ, ఉస్మానియా సైకియాట్రీ ఓపీ అన్నా, బయటి ఆస్పత్రి అన్నా ఒకటే చట్టం. ఎర్రగడ్డ పేరు చెప్పగానే బంధువులు మొహం తిప్పుకుంటారని ఆగిపోవద్దు. అక్కడ ఈ జబ్బు రోజూ చూసేవాళ్లుంటారు.

బాగుపడటం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే మీరు వేరే దాని కోసం ఎదురుచూస్తారు. గొంతులు ఒక్కరోజులో మాయం కావు. "ఉన్నాయి సార్, పక్కింట్లో టీవీ మోగినట్టు దూరంగా ఉన్నాయి, నేను పట్టించుకోవట్లేదు" అంటారు. ఒక అబ్బాయి నెలల తరబడి నా గదిలోకి వచ్చి గోడ పక్కన నిలబడి నేల చూసేవాడు, అన్నీ వాళ్ల నాన్నే చెప్పేవారు. క్లోజపిన్ మొదలుపెట్టిన నాలుగో నెలలో లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని "ఫ్యాన్ స్పీడ్ కొంచెం పెంచుతారా సార్" అన్నాడు. వాళ్ల నాన్న నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. గదిలో ఉక్కగా ఉందని గమనించి, ఎదుటి మనిషిని అడగడం. మీ ఇంట్లోనూ ఇలాంటి చిన్నవాటితోనే మొదలవుతుంది. స్నానం తనంతట తానే చేయడం, అక్కా టీ పెట్టనా అనడం. నోట్‌బుక్‌లో ఇవి కూడా రాయండి.

తగ్గాక ఆపేయవచ్చా అని మీరు అడగలేదు, కానీ అడుగుతారు. కేన్ బృందం దీన్ని కూడా చూసింది. మొదటిసారి జబ్బు వచ్చి తగ్గిన 28 మందిలో కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, ఏడాదిలో ఉత్తుత్తి మాత్రవాళ్లలో 41 శాతం మందికి తిరగబెట్టింది, మందు వాడినవాళ్లలో ఒక్కరికీ లేదు. 1982 నాటి చిన్న అధ్యయనమది. తర్వాత అదే ఆస్పత్రిలో 104 మందిని గమనించి 1999లో ప్రచురించారు. ఐదేళ్లలో ఒక్కసారైనా తిరగబెట్టినవాళ్లు 82 శాతం దాకా, మందు ఆపేస్తే ఆ ప్రమాదం దాదాపు ఐదు రెట్లు. కాబట్టి తగ్గిందంటే మందు పనిచేస్తోందని అర్థం, ఆపవచ్చని కాదు.

పెళ్లి మాట. అమ్మగారికి నా మాటగా చెప్పండి, ఇప్పుడు వద్దు. పెళ్లి ఈ జబ్బుకు మందు కాదు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, ఖర్చులు, నిద్ర లేని రాత్రులు, ఇవన్నీ జబ్బును రెచ్చగొట్టేవే. జబ్బు దాచి చేస్తే ఇంకో ఆడపిల్ల జీవితం కూడా అందులో పడుతుంది. నేను చూసిన చాలా ఇళ్లలో మందులు మొదట ఆగింది పెళ్లి చూపుల ముందే. నిలకడగా రెండు మూడేళ్లు గడిచి, అతనే కావాలనుకుని, అవతలివాళ్లకు అన్నీ చెప్పి చేసుకుంటే అది వేరే సంగతి.

ఈ ఏడాది ఆ శ్రద్ధ అతని పని మీద పెట్టండి. అమెరికాలో 34 క్లినిక్కుల్లో 404 మందితో కేన్ నడిపిన ఇంకో అధ్యయనంలో, మందుతో పాటు కౌన్సెలింగ్, ఇంటివాళ్లకు శిక్షణ, చదువుకో ఉద్యోగానికో తోడ్పాటు కలిపి ఇచ్చినవాళ్లు మామూలు చికిత్స కంటే మెరుగయ్యారు. వైద్యం త్వరగా అందినవాళ్లకు ఇంకా ఎక్కువ మేలు జరిగింది. మీ తమ్ముడికి బ్యాక్‌లాగ్స్ ఉన్నాయన్నారు. ఒక్క సబ్జెక్టు, ఒక్క పరీక్ష. ముందు అంతే చాలు. జబ్బు దీర్ఘకాలం ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్ తీసుకునే వీలుంది. 40 శాతం, ఆపైన ఉంటే రిజర్వేషన్ లాంటి సౌకర్యాలకు పనికొస్తుంది. అవమానమనుకుని వదిలేయకండి.

క్లోజపిన్ కూడా పనిచేయకపోతే? సరైన డోసులో కనీసం మూడు నెలలు చూశాక, వీలుంటే రక్తంలో మందు ఎంత ఉందో పరీక్ష చేయించి, అప్పుడు దాని మీదే ఈసీటీ, అంటే తలకు కొద్దిసేపు కరెంటు ఇచ్చే చికిత్స, కలిపే అవకాశం ఉంది. 2015లో కేన్ కూడా ఉన్న బృందం, క్లోజపిన్‌కు లొంగని 39 మందితో చేసిన అధ్యయనంలో ఈసీటీ కలిపినవాళ్లలో సగం మంది మెరుగయ్యారు. సినిమాల్లో చూపించినట్టు ఉండదది. మత్తు ఇవ్వకుండా చేయడాన్ని మన చట్టమే నిషేధించింది. అంతదాకా వస్తే మళ్లీ రాయండి, వివరంగా చెబుతాను.

వచ్చే అపాయింట్‌మెంట్‌కు మేనమామగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. ఆయన సందేహాలు డాక్టరుగారి ముందే అడగనివ్వండి. మందులు తెలిసిన మనిషి ఇంట్లో ఉండటం మీకు లాభమే, సీబీపీ అంకెలు చూసే బాధ్యత ఆయనకే అప్పగించవచ్చు. వెళ్లే ముందు సీబీపీ, షుగరు, ఈసీజీ చేయించుకుని, పాత చీటీలన్నీ తేదీల వారీగా పెట్టుకుని వెళ్తే అదే రోజు మొదలుపెట్టే వీలుంటుంది.